స్తంభము, మూర్ఛ, సిగము: ఒక రోగనామ చరిత్ర
(కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల వ్యవహారము ఆధారముగ)

మనుష్యుడు కన్నులు మూసికొని, పిలిచిన పలుకక, గిల్లిన కదలక, ఊపిరి మాత్రము సక్రమముగ నాడుచుండగా పడియుండు స్థితి యొకటి కలదు. దానిని చూచినవారు దానికొక పేరు పెట్టక మానరు. పేరు పెట్టినంతనే తరువాత జరుగవలసినదియు నిర్ణయమైపోవును. దయ్యమనినచో మంత్రగానికి కబురు పోవును. మూర్ఛ యనినచో ఏండ్ల తరబడి మందుబిళ్లలు మ్రింగవలసివచ్చును. నటన యనినచో రోగికి మిగులునది చీవాట్లును చెంపదెబ్బలును. కావున ఈ స్థితికి మనవారు పెట్టిన పేళ్ల చరిత్ర కేవలము నిఘంటుకారుల ఆసక్తికి మాత్రమే సంబంధించినది కాదు. అది రోగి ప్రాణముతోడను, మానముతోడను ముడివడియున్నది.

ఈ వ్యాసమున మేము ముఖ్యముగ మూడు విషయములను పరిశీలింపదలచితిమి. స్పందన లేని స్థితులను మన శాస్త్రగ్రంథములు ఎట్లు విభజించినవి? తెలంగాణ వ్యవహారమున, విశేషించి కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల నుడికారమున, ఆ విభాగము ఏ మార్పులు చెందినది? నేటి వైద్యులు రోగపత్రమున వ్రాయు సంకేతాంకమునకును ఈ పాత మాటలకును గల సంబంధమెట్టిది? ఇవి తెలుగు శాఖలవారు చర్చింపదగిన విషయములేనా యని కొందరు శంకింపవచ్చును. రోగి నోట వచ్చునది తెలుగు మాట; వైద్యుడు వ్రాయునది అంకె. ఈ రెంటి నడుమ అర్థభంగము జరుగుచున్నచో దానిని చూపవలసినవాడు భాషావేత్తయే గదా.

ప్రాంత పరిచయము

కామారెడ్డియు, ఎల్లారెడ్డియు నైజాము రాజ్యమున ఇందూరు సీమలోనివి. ఇందూరే పిదప నిజామాబాదు జిల్లా యైనది. 2016 అక్టోబరు 11వ తేదీన కామారెడ్డి ప్రత్యేక జిల్లాగ ఏర్పడగా, ఎల్లారెడ్డి, బాన్సువాడ దాని రెవెన్యూ విభాగములైనవి. మంజీర నదిపై 1923 నుండి 1931 వఱకు కట్టబడిన నిజాంసాగరము ఈ సీమకు అన్నదాత. ఒక ప్రక్క మెదకు సీమ, ఒక ప్రక్క మరాఠీ కన్నడ భాషలు కలియు సరిహద్దు, పైన 1948 వఱకు ఉర్దూ రాజభాష. ఇన్ని భాషల కలయిక వలన రోగనామములును ఇచ్చట కలగాపులగముగ నున్నవి. ఒకే రోగిని గూర్చి తల్లి ‘గాలి సోకినది’ అనును, మేనమామ ‘సోయి తప్పినది’ అనును, పొరుగువాడు ‘బేహోష్ అయినది’ అనును, ఆస్పత్రిలోని నర్సు ‘ఫిట్స్’ అనును. ఈ నాలుగును ఒకదానికొకటి పర్యాయపదములని తోచును గాని, నాలుగింటి వెనుకను నాలుగు వేఱువేఱు సిద్ధాంతములు దాగియున్నవి.

శాస్త్రగ్రంథముల విభాగము

చరకసంహిత సూత్రస్థానమున ఇరువది నాలుగవ అధ్యాయమునందు మదము, మూర్ఛ, సన్న్యాసము అను మూడు వికారములు వరుసగ చెప్పబడినవి. మూడింటను తెలివి తగ్గుటయే లక్షణము. తీవ్రత మాత్రము మెట్టుమెట్టుగ పెరుగును. మదమును, మూర్ఛయు దోషవేగము తగ్గినంతనే తమంతట తాము శమించును. సన్న్యాసము మాత్రము ఔషధము లేక శమింపదు. ఇచ్చట సన్న్యాసమనగా చతుర్థాశ్రమము కాదు. కట్టెవలె పడియుండు స్థితి. ఈ విభాగమున మనము గమనింపవలసిన సూక్ష్మ మొకటి గలదు. చరకుడు ఈ స్థితులను వేఱుపఱచుటకు కేవలము ఆకారమును గాక, కాలమును, తిరిగివచ్చు విధమును ప్రమాణముగ గొనెను. ఎట్లు పడెనని గాక, ఎట్లు లేచెనని అడిగెను. నేటి వైద్యుడును అడుగు మొదటి ప్రశ్నలలో ఇది యొకటి.

అపస్మారమును చరకుడు వేఱు అధ్యాయమున చెప్పెను. స్మృతి నశించుట, వికృతచేష్టలు, నురుగు గ్రక్కుట దాని లక్షణములు. సుశ్రుతుడును ఉత్తరతంత్రమున మూర్ఛను ఒకచోట, అపస్మారమును మఱియొకచోట, అమానుషోపసర్గమును వేఱొకచోట నిరూపించెను. అమానుషోపసర్గమనగా గ్రహబాధ. అనగా స్పృహ తప్పుట, మూర్ఛరోగము, ఆవేశము అను మూడును మన ప్రాచీనుల దృష్టిలో మూడు వేఱువేఱు రోగములు. తెలుగు వైద్యులు చిరకాలము పాటించిన బసవరాజీయము ఈ సంప్రదాయమునకే చెందినది.

సన్న్యాసమునకు చరకుడు చెప్పిన చికిత్స చదువువారికి కంపము పుట్టించును. ఘాటైన అంజనము, ముక్కున తీక్ష్ణరసము, పొగ, సూదులతో పొడుచుట, కాల్చుట, గోళ్లసందున నొక్కుట, వెండ్రుకలు పెరుకుట, దూలగొండి రాచుట అందు చెప్పబడినవి. ప్రాణాపాయ స్థితిలో, చివరి యుపాయముగ, తెలివి తెప్పించుటకై చెప్పిన చికిత్స యది. కాని అదియే పల్లెలలో మిరపపొగగ, ఉల్లిరసముగ, చెప్పు వాసనగ, వేపబరికగ మారి, తెలివి తెప్పించుటకు బదులు దయ్యమును వెడలగొట్టుటకు వినియోగింపబడినది. క్రియ ఒకటే, ఉద్దేశము మారినది. ఉద్దేశము మారుటతో మోతాదునకు హద్దు లేకపోయినది. రోగికి తెలివి వచ్చిన చాలునని చరకుని వైద్యుడు ఆగును. దయ్యము ‘పోతిని’ అను దాక మంత్రగాడు ఆగడు.

నాట్యశాస్త్రము చూపిన దారి

వైద్యగ్రంథములకంటె నాట్యశాస్త్రమే ఈ విషయమున మాకు ఎక్కువ వెలుగు చూపినది. భరతుడు చెప్పిన ఎనిమిది సాత్త్వికభావములలో మొదటిది స్తంభము, చివరిది ప్రళయము. స్తంభమున శరీరము కట్టుపడి కదలకుండును. ప్రళయమున చేష్టయు, తెలివియు రెండును లోపించును. హర్ష భయ శోక విస్మయాదులు దీనికి కారణములు. అనగా, దేహమునకు దెబ్బ లేకయే, విషము లేకయే, కేవలము మనస్సునకు తగిలిన తాకుడు చేతనే మనుష్యుడు ఱాయివలె బిగిసిపోవచ్చునని మన ఆలంకారికులు ఏనాడో అంగీకరించిరి.

అంతకంటెను ముఖ్యమైన మాట యింకొకటి కలదు. సాత్త్వికభావములు మనస్సమాధానము వలన పుట్టునవనియు, మనస్సు వేఱొకచోట నున్నవాడు వానిని తెచ్చిపెట్టుకొనజాలడనియు భరతుని మతము. ముప్పదిమూడు వ్యభిచారిభావముల పట్టికలో మోహము, జడత, అపస్మారము, ఉన్మాదము వేఱువేఱుగ నున్నవి. ఆ పట్టికయందే అవహిత్థము అను భావమును గలదు. లోని భావమును పైకి కానరాకుండ కప్పిపుచ్చుట దాని లక్షణము. కప్పిపుచ్చుట వేఱు, స్తంభించుట వేఱు అని మన సాహిత్యశాస్త్రము గీత గీసియుంచినది. ‘ఇది రోగమా, నటనయా’ అని నేడు ఆస్పత్రి గుమ్మమున వినవచ్చు ప్రశ్నకు ఈ గీత ఎంతయు ఉపకరించును.

మూర్ఛ యను మాట అర్థము మారుట

కావ్యములలో మూర్ఛ అనగా సొమ్మసిల్లుటయే. భారతయుద్ధమున బాణము తగిలిన వీరుడు మూర్ఛిల్లును. పుత్రశోకమున తల్లి మూర్ఛపోవును. విరహమున నాయిక మూర్ఛ నొందును. మన్మథావస్థల లెక్కలో మూర్ఛ మరణమునకు ముందరి మెట్టు. చలువపన్నీరు చిలికి, తాలవృంతముల వీచిన తెలివి వచ్చును. ఇది చరకుని మూర్ఛకు సరిగ సరిపోవు అర్థమే.

అపస్మారమునకు తెలుగు వాడుకలో ‘కాకిసొమ్మ’ అను మాట యుండెడిది. సొమ్మ యనగా స్పృహ తప్పుట. తమిళమునను అపస్మారమునకు ‘కాక్కా వలిప్పు’ అను పేరు గలదు గాన, కాకి సంబంధము దక్షిణదేశమున పాతదియే. కాలక్రమమున కాకిసొమ్మ వాడుక తగ్గి, అపస్మారమను సంస్కృతపదము పండితుల వద్దనే నిలిచి, ఆ యిల్లు ఖాళీ కాగా అందు మూర్ఛ వచ్చి చేరినది. నేడు పత్రికలలోను, ఆస్పత్రులలోను ‘మూర్ఛవ్యాధి’ యనినచో ఎవరును సొమ్మసిల్లుటయని గ్రహింపరు. మెదడులో విద్యుత్సంచారము గతితప్పుట వలన కలుగు వ్యాధినే గ్రహింతురు. అర్థసంకోచమని భాషాశాస్త్రజ్ఞులు చెప్పు మార్పునకు ఇది చక్కని ఉదాహరణము.

ఉదాహరణము చక్కనిదే గాని ఫలితము చక్కనిది కాదు. సొమ్మసిల్లుటకు, స్తంభించుటకు వేఱు మాట వాడుకలో దృఢముగ లేకపోవుటచే, ‘మా అమ్మాయికి మూర్ఛ వచ్చినది’ అని తండ్రి చెప్పగానే రోగము సగము నిర్ణయమైపోవుచున్నది. మనోవేదన వలన కలుగు మూర్ఛాకారపు వేగములు గలవారికి మూర్ఛవ్యాధి మందులు ఏండ్ల తరబడి ఇయ్యబడుట ప్రపంచమంతట వైద్యులు గుర్తించిన పొరపాటు. తెలుగునాట ఆ పొరపాటునకు భాషయు తన వంతు తోడ్పడుచున్నది.

వచ్చు, పట్టు, తప్పు

ఇక జనవ్యవహారము. ఇచ్చట నామములకంటె క్రియాపదములు విశేషముగ మాటాడుచున్నవి. కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెలలో, ఆ మాటకు తెలంగాణమంతటను, దేవత ‘ఒంటిమీదికి వచ్చును’, సిగము ‘వచ్చును’, మనిషి సిగము ‘ఊగును’. దయ్యము ‘పట్టును’, గాలి ‘సోకును’. సోయి ‘తప్పును’, తెలివి ‘తప్పును’. ఈ మూడు వర్గముల క్రియలును ఒకదానిచోట నొకటి నిలువవు. దేవత పట్టినదని గాని, సోయి సోకినదని గాని ఎవరును అనరు.

మొదటి వర్గమున రాకడ కలదు. అది గౌరవముతో ఎదురుచూడబడినది. బోనాల వేళ, ఎల్లమ్మ కొలుపులలో జమిడిక మ్రోగగా వచ్చు సిగమునకు సమయము, స్థలము, వాద్యము, చుట్టును జనము కలవు. కొమురవెల్లి మల్లన్న పట్నములలో శివసత్తులు ఊగుట, సికిందరాబాదు ఉజ్జయినీ మహంకాళి జాతరలో పచ్చికుండపై నిలిచిన స్త్రీ రంగము చెప్పుట ఎల్లరెరిగినవే. ‘సిగము’ అను మాట ‘శివము’ యొక్క రూపాంతరమని మాకు తోచుచున్నది. శివమెత్తుట, శివమాడుట యను పదబంధములు దీనికి తోడు. ఓరుగల్లున మైలారుదేవుని వీరభటులు చేసిన సాహసకృత్యములను వర్ణించిన క్రీడాభిరామము, ఆవేశము సంఘసమ్మతమైన ఆచారముగ కాకతీయుల సీమలో ఎంత ప్రాచీనమో తెలుపుచున్నది.

రెండవ వర్గమున బలాత్కారము కలదు. పట్టబడినవాడు కోరలేదు, ఊరును కోరలేదు. ఆ ఆవేశమునకు వేళ లేదు, వాద్యము లేదు. మూడవ వర్గమున పైనుండి వచ్చినదేదియు లేదు; ఉన్నది తొలగినది. ఇట్లు స్పృహ మాఱుటను గూర్చిన మూడు దృక్పథములను తెలుగువాడు మూడు క్రియలలో ఇమిడ్చెను. ఈ విభాగము నేటి అంతర్జాతీయ వర్గీకరణమున ఎట్లు ప్రత్యక్షమగునో ముందు చూపుదుము.

రెండవ వర్గపు క్రియ యొక్క ఫలితము ఎంత దారుణము కాగలదో 1980, 1990ల నడుమ ఈ సీమకు ఆనుకొనియున్న మెదకు జిల్లాలో ప్రబలిన బాణామతి భయము చూపినది. స్త్రీలు ఉన్నట్టుండి పడిపోవుట, వింతగ అఱచుట మొదలైన లక్షణములు ఒకరినుండి యొకరికి ప్రాకెను. రోగికి చికిత్స జరుగకపోగా, చేతబడి చేసినారని అనుమానింపబడినవారు హింసింపబడిరి. ‘పట్టినది’ అను క్రియకు కర్త కావలెను. కర్త కనబడనప్పుడు జనము ఒక పొరుగువానిని కర్తగ నిలిపిరి. జిల్లా మానసికారోగ్య కార్యక్రమము 1996లో దేశమున మొదట నాలుగు జిల్లాలలో ఆరంభింపబడినప్పుడు ఆ నాలుగింటిలో మెదకు ఒకటిగ నుండుట ఇచ్చట స్మరింపదగియున్నది.

ఉర్దూ మాటలు

నైజాము రాజ్యమున ప్రభుత్వ వ్యవహారము ఉర్దూలో నడచినది. యునానీ వైద్యమునందు గశీ అనగా సొమ్మసిల్లుట. మిర్గీ అనగా అపస్మారము. సక్తా అనగా కట్టెవలె పడియుండుట. స్త్రీల వేగములకు ‘ఇఖ్తినాఖుర్ రహం’ అని పేరు. గర్భాశయము ఉక్కిరిబిక్కిరి యగుట అని దాని యర్థము. యవనభాషలో గర్భాశయమునకు గల ‘హిస్టెరా’ యను మాటనుండి పుట్టిన హిస్టీరియాకును దీనికిని మూలసిద్ధాంత మొక్కటే. ఇట్లు తూర్పు పడమరలు రెండును ఒక మానసికబాధను స్త్రీ గర్భమునకు అంటగట్టినవి. తెలుగులోనికి హిస్టీరియా యను మాట వచ్చునప్పటికే ఆ నింద దానితో కూడ వచ్చినది. నేటికిని ఆ మాట వినినంతనే ‘పెండ్లి చేసిన పోవును’ అని సలహా చెప్పు పెద్దలు కలరు. పెండ్లియే బాధకు కారణమైన కోడలి విషయమున ఈ సలహా యెంత క్రూరమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

హిస్టీరియా నుండి విఘటనము వఱకు

ఫ్రాన్సు దేశమున బ్రికే 1859లో హిస్టీరియాపై పెద్ద గ్రంథము వెలువరించి, గర్భాశయ సిద్ధాంతమును త్రోసిపుచ్చెను. పారిసు నగరమందలి సాల్పెత్రియేరు ఆస్పత్రిలో షార్కో అట్టి రోగులను పరీక్షించి ఆ చర్చకు ప్రతిష్ఠ కలిగించెను. 1889లో పియర్ జానే మనస్సునందలి స్మృతి, చేష్ట, అనుభూతి యనునవి తీవ్రాఘాతముచే ఒండొంటినుండి విడిపోవునని ప్రతిపాదించెను. ఆ విడిపోవుటనే నేడు డిసోసియేషన్ అందురు. మేము దానిని విఘటనము అనుచున్నాము. 1895లో బ్రాయరు, ఫ్రాయిడులు హిస్టీరియాపై తమ అధ్యయనములను ప్రకటించిరి.

రోగములకు అంకెలు వేయు పద్ధతి మొదట మరణకారణముల పట్టికగ పుట్టినది. బెర్తియోం 1893లో సిద్ధపఱచిన పట్టిక దానికి మూలము. ప్రపంచారోగ్యసంస్థ 1948లో వెలువరించిన ఆఱవ కూర్పునందు మానసికరోగములకు తొలిసారిగ ప్రత్యేక ప్రకరణ మేర్పడెను. అందు హిస్టీరియాకు 311 అంకె. తొమ్మిదవ కూర్పునాటికి అది 300.1 అయ్యెను. 1990లో ఆమోదింపబడిన పదవ కూర్పునందు హిస్టీరియా యను శీర్షిక తొలగి, ఎఫ్44 అను సంకేతము క్రింద విఘటన రుగ్మతలు చేరెను. అందు ఎఫ్44.2 స్తంభమునకు, ఎఫ్44.3 ఆవేశమునకు, ఎఫ్44.5 మూర్ఛాకార వేగములకు నిర్దిష్టములు.

ఇచ్చట మన మూడు క్రియలు తిరిగి కనబడుచున్నవి. ఎఫ్44.3 వ్రాయుటకు, ఆవేశము రోగి యిచ్ఛకు విరుద్ధమై, మతాచారము సమ్మతించు సందర్భమునకు వెలుపల కలిగినదై యుండవలెనని నియమము. అనగా సిగము ‘వచ్చిన’ శివసత్తి రోగి కాదు; ఇంట వంట చేయుచు దయ్యము ‘పట్టిన’ కోడలికి మాత్రమే ఆ సంకేతము వర్తించును. జెనీవాలో వ్రాయబడిన నియమమును మన పల్లెవారు క్రియాభేదముతో ముందే చెప్పియుండిరి. 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన పదునొకండవ కూర్పును ఈ నియమమును నిలుపుకొని, 6బి62 అను సంకేతమును కేవలావేశమునకును, 6బి63 సంకేతమును అన్యవ్యక్తి ప్రవేశించినట్లు తోచు ఆవేశమునకును కేటాయించినది. కాని ఆ కూర్పునందలి విఘటన రుగ్మతల వర్గముల పేళ్లలో స్తంభము ప్రత్యేక శీర్షికగ కానరాదు. మన రోగులలో తఱచుగ కనబడు స్థితికి పేరులేమి మన దేశపు వైద్యులకు సమస్యయే.

ఈ సమస్య క్రొత్తది కాదు. 1967లోనే ఎన్.ఎన్. విగ్, గుర్మీత్ సింగ్ అను వైద్యులు భారతదేశమునకు తగిన వర్గీకరణ మొకటి కావలెనని ప్రతిపాదించిరి. 1989లో శేఖర్ సక్సేనా, కె.వి.ఎస్.ఆర్. ప్రసాద్ అనువారు అమెరికా దేశపు వర్గీకరణమును ఢిల్లీ రోగులకు అన్వయించి చూడగా, విఘటన రోగులలో అత్యధికులు ఏ శీర్షికకును పొసగక ‘అసాధారణము’ అను గదిలో పడిరి. ఒక దేశమున సాధారణమైనది పట్టికలో అసాధారణమగుట విచిత్రము. లోపము రోగులలో లేదు, పట్టికలోనే యున్నది.

నిర్ణయక్రమమును, స్థానిక కారణములును

సంకేతాంకము వేయుటకు ముందు వైద్యుడు చేయవలసినది నిరాకరణము. స్పందన లేని ప్రతి మనిషియు విఘటన రోగి కాడు. ఎఫ్44.2 వ్రాయవలెననిన మూడు విషయములు స్థిరపడవలెను. స్వచ్ఛందచలనము, వెలుగునకు, చప్పుడునకు, స్పర్శకు ప్రతిస్పందనము మిక్కిలి తగ్గియుండవలెను. దేహసంబంధమైన కారణము లేదని పరీక్షలో తేలవలెను. సమీపకాలమున మనస్సును కలచిన సంఘటన యేదైన నుండవలెను. కండరముల బిగువు, ఊపిరి, కనుగ్రుడ్ల కదలిక చూచిన, రోగి నిద్రింపలేదనియు, స్పృహ కోల్పోలేదనియు తెలియును. రెప్పలు విప్పబోవగా బిగియబట్టుట తఱచు కనబడు లక్షణము. తీవ్రమైన విషాదరోగమునను, కాటటోనియా యను వ్యాధియందును స్తంభము కలుగును గాన వానిని వేఱుపఱచవలెను.

ఈ వ్యవసాయ ప్రాంతమున నిరాకరింపవలసినవి కొన్ని ప్రత్యేకముగ గలవు. మొదటిది కట్లపాము కాటు. రాత్రి నేలపై పరుండినవారిని కఱచును. గాటు కనబడకపోవచ్చును, నొప్పియు స్వల్పము. తెల్లవాఱునప్పటికి రెప్పలు వ్రాలి, నాలుక మొద్దుబాఱి, కండరములు చచ్చుబడును. లోపల తెలివి యుండియు పలుకలేని ఆ రోగిని ‘గాలి సోకినది’ అని యింట నుంచినచో ఊపిరి ఆగును. రెండవది పురుగుమందు విషము. మూడవది మధుమేహ రోగులలో రక్తమునందు చక్కెర పడిపోవుట. ఇవి మూడును గంటలలో ప్రాణము తీయును. మూడింటికిని చికిత్స గలదు.

నాలుగవది కల్తీకల్లు. నిజామాబాదు, కామారెడ్డి సీమలలో కల్లున క్లోరల్ హైడ్రేట్, డయజిపాం, అల్ప్రజోలం మొదలగు మత్తుమందులు కలుపు దురాచారము చిరకాలముగ నున్నది. ఎక్కువైన మత్తు, స్తంభము. ఒక్కసారిగ మానిన వణుకు, భ్రాంతి, మూర్ఛాకార వేగములు. 2015 సెప్టెంబరులో కల్తీపై నిర్బంధము పెరుగగా నిజామాబాదు, మహబూబునగరు మున్నగు జిల్లాలనుండి అట్టి రోగులు అనేకులు ఆస్పత్రుల పాలైరి. హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక వైద్యాలయము వారితో నిండెను. 2025 ఏప్రిలులో కామారెడ్డి జిల్లా నసురుల్లాబాదు, బీర్కూరు మండలములలో కల్లు త్రాగినవారు పదులకొలది మెడలు వాల్చి, నాలుక తడబడి, వింతగ ప్రవర్తించిరి. ఏబది ఏండ్ల క్రిందట నిట్లు జరిగియున్నచో దానిని బాణామతి యని యుందురేమో. మత్తుమందు మానుటవలని వికారమునకు ఎఫ్13.3 అను సంకేతము కలదు. దానిని విడిచి ఎఫ్44 వ్రాసినచో రోగికిని అన్యాయము, కల్తీదారునకును రక్షణ. ఊరివారికందఱకు హిస్టీరియా యని వ్రాయబడిన పత్రములనుండి ఏ న్యాయస్థానమును కల్లుదుకాణమును పట్టజాలదు.

కారణము తేలనప్పుడేమి చేయవలెను? దానికిని పట్టికలో చోటు గలదు. పదవ కూర్పునందు ఆర్40.1 కేవలము స్తంభలక్షణమునకు, ఆర్55 సొమ్మసిల్లుటకు, ఆర్56.8 ఇదమిత్థమని తేలని వేగములకు ఉద్దిష్టములు. ఇవి రోగముల పేళ్లు కావు, లక్షణముల పేళ్లు. సందేహమును సందేహముగనే వ్రాయుటకు వీలు కల్పించిన ఈ సంకేతములు మా దృష్టిలో ఆ గ్రంథమందలి మిక్కిలి నిజాయితీ గల పుటలు. జీ40 అను అపస్మార సంకేతము ఒకసారి పత్రమున పడినచో తరువాతి వైద్యులు దానినే ఎత్తి వ్రాయుదురు. వ్రాతప్రతులలో ఒక లేఖకుని తప్పు తరతరముల ప్రతులకు ప్రాకుట మన పరిష్కర్తలకు తెలిసిన సంగతియే. రోగపత్రమును అట్టి తాళపత్రమే.

సంకేతమున నిలిచియున్న ధర్మము

ఈ యంకెలు కేవలము లెక్కలకై యేర్పడినవి కావు. 2018 మే 29 నుండి అమలులోనున్న మానసికారోగ్య సంరక్షణ చట్టము, అనగా 2017వ సంవత్సరపు చట్టము, మానసికరోగ నిర్ణయమును ప్రపంచారోగ్యసంస్థ వర్గీకరణము మొదలగు అంగీకృత ప్రమాణముల ననుసరించియే చేయవలెనని విధించినది. దేహరోగములకు వలెనే మానసికరోగములకును బీమా వర్తింపవలెనని అందలి 21వ విభాగము చెప్పుచున్నది. కావున ‘నటన’ యని నోట చెప్పి పంపివేయబడిన రోగికి చికిత్సతోపాటు హక్కును పోవుచున్నది. నటనకు పట్టికలో వేఱుగ జడ్76.5 అను సంకేతము గలదు; అది రుగ్మతల ప్రకరణమున లేనేలేదు. భరతుడు స్తంభమును సాత్త్వికములలో, అవహిత్థమును వ్యభిచారులలో నుంచినట్లే, ఈ పట్టికయు వానిని వేఱు ప్రకరణములలో నుంచినది.

కామారెడ్డిలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల యారంభమైనది. అందు చదువు విద్యార్థులు ఎల్లారెడ్డి, గాంధారి, లింగంపేట పల్లెలనుండి వచ్చు రోగుల మాట వినవలసినవారు. వారికొఱకు మేము ఈ క్రింది పరిభాషను సూచించుచున్నాము. అపస్మారమునకు ‘మూర్ఛవ్యాధి’ యను రూఢి యిక మాఱదు గాన దానినట్లే యుంచి, కేవలము స్పృహ తప్పుటకు ‘సొమ్మ’ అను మాటను తిరిగి తెచ్చుకొనవలెను. తెలంగాణమున ‘సోయి తప్పుట’ యుండనే యున్నది. ఎఫ్44.2కు ‘విఘటన స్తంభము’, ఎఫ్44.5కు ‘విఘటన వేగము’, ఎఫ్44.3కు ‘అనిష్టావేశము’ అనుట యుక్తము. అనిష్టమను విశేషణము లేక ఆవేశమని మాత్రమే వ్రాసినచో శివసత్తియు రోగి యగును. హిస్టీరియా యను మాటను చరిత్రగ్రంథములకు విడిచిపెట్టవలెను.

పరిభాషకంటె ముందు చేయవలసిన పని యొకటి కలదు. రోగి బంధువులు చెప్పిన మాటను వైద్యులు వెంటనే ఆంగ్లమునకు మార్పక, చెప్పినది చెప్పినట్లు, క్రియాపదముతో సహా, తెలుగున పత్రమునకెక్కింపవలెను. ‘వచ్చినది’ అనిరో, ‘పట్టినది’ అనిరో, ‘తప్పినది’ అనిరో తెలిసినచో ఇంటివారు దేనిని కారణముగ తలచుచున్నారో తెలియును. రోగిని ఎవరిచేత ఎట్లు చూపించి తెచ్చిరో అడుగుటకు దారి యేర్పడును. మిరపపొగ పెట్టబడిన పిల్లయా, ఎవరినో చేతబడికత్తె యని నిందించి వచ్చిన కుటుంబమా యనునది ఆ యొక్క క్రియ చెప్పగలదు. తెలుగు శాఖల పరిశోధక విద్యార్థులు మండలమండలమున ఇట్టి రోగవ్యవహార పదములను సేకరించి వైద్యకళాశాలల చేతికి ఇచ్చినచో, మాండలిక పదసేకరణమునకు అంతకంటె సార్థకమైన వినియోగము మఱియొకటి యుండదు. ఎల్లారెడ్డి నుండి రాత్రివేళ ఆటోలో తేబడిన యువతి పలుకక పడియున్నప్పుడు, ఆమె పక్షమున మొదట పలుకునది ఆమె తల్లి వాడిన క్రియాపదమే.